పసుపు చీటీ

గేటు దగ్గర ఫోన్లు అప్పగించి
టోకెన్ తీసుకుంటాం, గుడి బయట చెప్పులకి తీసుకున్నట్టు.
లోపల మా గదికి కిటికీ లేదు.
సముద్రం రెండొందల గజాల్లోనే ఉందని
గోడకంటిన ఉప్పుచెమ్మ చెబుతుంది.

తొమ్మిదీ పదికి నిలబడే మీటింగ్.
నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఏది అడ్డం.
అడ్డమెప్పుడూ ఒకటే: సింధియా దగ్గర లారీలు.
నవ్వుతాం. నవ్వాక పని.

విశాఖ ఉక్కకి బోర్డు మీద చీటీలు నిలవవు.
పొద్దున వచ్చేసరికి పసుపూ గులాబీ
నేలంతా రాలి ఉంటాయి.
ఊడ్చే మంగవేణి వాటిని పారెయ్యదు,
ఏది ఏ గడిలోదో గుర్తుపెట్టుకుని తిరిగి అంటిస్తుంది.
ఒకసారి మాత్రం
మొదలే పెట్టని పనిని ‘అయిపోయింది’లో పెట్టింది.
ఆ వారం మా మేనేజరు భలే సంతోషంగా ఉన్నాడు.

ఇదివరకు ఇలా కాదు.
ముందు ఆరొందల పేజీల పుస్తకం వచ్చేది, ఏడు సంతకాలతో.
అదంతా కోడుగా మారేసరికి
అడిగిన అధికారికి బదిలీ, ఓడకి ముసలితనం.
ఇప్పుడు పుస్తకం పలచబడింది.
సంతకాలు మాత్రం ఏడే.
రెండు వారాలకో బిల్డు
సీడీలో, సీలు కవర్లో, రిజిస్టర్లో నంబరు వేయించుకుని
జెట్టీ దాకా నడిచి వెళ్తుంది.
కవరు పట్టుకున్న మనిషి నడకెంతో
మా వేగం అంత.

ఆ శుక్రవారాలు కోరాడ అప్పన్న గారు వస్తారు.
ఇరవై మూడేళ్లు ఓడ కడుపులో
నీళ్లకీ మంటలకీ కాపలా కాసిన మనిషి.
ఎడం చెవి వినపడదు, కుడి చెవి మావైపు తిప్పి కూర్చుంటారు.

మొదటి డెమో నేనే చూపించాను.
నీరు చేరితే తెర మీద ఎర్రబడే గదులు,
గదికో మోత.
చుక్క తడి తగిలినా పట్టేస్తుందండీ, అన్నాను గొప్పగా.
చాలాసేపు చూసి ఆయన,
“బాగుందమ్మా. నానైతే దీని నోరు నొక్కెత్తాను.”

“పాత ఓడలో ఇలాటిదే ఉండీది.
వంటగదిలో సాంబారు పొంగినా అరిసీది.
ఏసీ నీల్లు కారినా అరిసీది.
రాత్రికి పదకొండు సార్లు లెగిసీవోలం.
పన్నెండోసారి వైరు పీకీసినాం.
ఆ రేత్రే...”

టీ గ్లాసు తిప్పుతూ ఉండిపోయారు.
ఎవరమూ అడగలేదు.
కాసేపటికి తనే,
“ఆ కుర్రోడు మంచి ఈతగాడు” అన్నారు.
అంతే.

పసుపు చీటీ తీశాను.
మా పద్ధతిలో వాక్యానికో మూస ఉంది:
ఫలానా వాడిగా, నాకు ఫలానాది కావాలి, ఫలానా అందుకు.
రాశాను:
కాపలా ఉన్న నావికుడిగా
నాకు అలారం మౌనం కావాలి,
అరిచిన రోజు నమ్మడానికి.

ఎన్ని పాయింట్లు, అడిగాడు ఫణీంద్ర.
మూడనుకుని, భయమేసి ఐదు వేశాం.
ఎనిమిది స్ప్రింట్లు తినేసింది.

త్వరగా ఓడిపోండి, త్వరగా నేర్చుకోండి
అని శిక్షణకొచ్చినాయన స్లైడు వేశాడు.
అప్పన్న గారు కుడి చెవి తిప్పి విన్నారు.
“ఓడితే ఈ గదిలో ఓడాల బాబూ,
ఓడలో కాదు.”

అందుకే ఇడ్లీ పాత్ర తెచ్చి ఆవిరి పట్టాం.
మంగవేణి తడిగుడ్డ తెచ్చి సెన్సరు మీద పిండింది.
ఊరుకుంది.
బకెట్టెత్తి గుమ్మరించింది.
అరిచింది.
పరీక్ష నూట పద్నాలుగు, పాస్,
సాక్షి సంతకం: మంగవేణి.
ఎనిమిదో సంతకమేంటని పైనుంచి ఉత్తరం వచ్చింది.
ఇంకా జవాబు రాయలేదు.

మొన్న ఓడ వెళ్లింది.
డాల్ఫిన్ నోస్ మలుపు దాకా కనబడిందట.
మేం చూళ్లేదు, నిలబడి ఉన్నాం,
నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం.
చీటీ ఇంకా నడిమి గడిలోనే ఉంది.
‘అయిపోయింది’లో పెడదామంటే ఆయన ఒప్పుకోరు.
తిరిగొచ్చినాక సూద్దుం, అంటారు.

జిగురు ఎప్పుడో పోయింది దానికి.
మంగవేణి రెండు గుండుసూదులు గుచ్చింది.